షట్టరు పక్క కుర్చీలు

మా పెద్ద మావయ్య పోయి ఈరోజుకి ముప్పై మూడు రోజులు. నేను ఏడవలేదని మా ఇంట్లో ఆ ముప్పై మూడు రోజులుగా చెప్పుకుంటున్నారు. పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి "మావయ్య ఇక లేడే, షాపు షట్టరు ఎత్తబోతా కూలబడిపోయాడంట" అంటే నేను "సరే, వస్తున్నా" అన్నానట. అన్నాను, నిజమే. ఆ "సరే" జగ్గయ్యపేట నుంచి మైలవరం దాకా మా చుట్టాలందరికీ చేరింది. మనిషి పోయాడంటే సరే అందంట, ఎంబీయే చదివింది కదా, వీళ్ళు ఇలాగే ఉంటారు, అని.

పొగరు అనే మాట నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ ఈసారి వాళ్ళ దగ్గర రుజువు ఉంది. వచ్చే ఆదివారం మావయ్య జ్ఞాపకార్థ కూడిక. చర్చి అయ్యగారు ప్రార్థన చేశాక కుటుంబం తరఫున నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడనన్నాను.

"ఆరోజు అంతమంది ముందు స్టేజీ ఎక్కి మీ మావయ్య గురించి చెప్పావంటగా. ఇప్పుడు పోయాక నాలుగు మాటలు చెప్పటానికి నీకేమొచ్చింది?" అని అత్తయ్య అడిగింది. కోప్పడలేదు. నిజంగా అర్థంకాక అడిగింది.

నేనేం చెప్పను? ఆ స్టేజీ మీద నేను మావయ్య గురించి ఏం మాట్లాడానో మా ఇంట్లో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కడే ఇప్పుడు లేడు.

మావయ్యది నందిగామలో సప్లయి కంపెనీ. పేరుకి కంపెనీ. పాత బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు, దానికో షట్టరు, ముందు ఒక ట్రాలీ ఆటో. లోపల షామియానా గుడ్డలు, ఇనప పైపులు, తాళ్ళు, వంట గుండిగలు, మైకు సెట్టు, వరసలుగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల గోనెపట్టా కప్పిన ఫ్రీజరు పెట్టె. పెళ్ళికి సామాను పంపేదీ ఆయనే, చావుకి పంపేదీ ఆయనే. అమ్మకి జగ్గయ్యపేటలో టీచరు ఉద్యోగం కాబట్టి, డిగ్రీ మూడేళ్ళూ నేను మావయ్యగారింట్లో ఉండి నందిగామలో చదువుకున్నాను. కాలేజీ నుంచి వచ్చి షెడ్డులో గుండిగ బోర్లించుకుని దానిమీద కూర్చుని, కనిపించిన ప్రతి విషయం మీదా ఆయనతో వాదన పెట్టుకునేదాన్ని. అందుకే నన్ను ప్లీడరమ్మ అనేవాడు.

"ఏం ప్లీడరమ్మా, ఇయ్యాల కేసేంటి?"

ఆయన పనిలో కొన్ని పద్ధతులు ఉండేవి. ఎక్కడ కుర్చీలు వేసినా గుడ్డ పట్టుకుని చివరి వరస నుంచి తుడుచుకుంటూ వచ్చేవాడు. జనం వచ్చేసరికి ముందు వరస దుమ్ముతోనే ఉండేది. ఎందుకలా అంటే, "ముందు వరసోళ్ళకి తుడవటానికి చాలామంది ఉంటారమ్మా. ఎనక కూర్చునేవాడికి మనమే" అనేవాడు. షామియానా తాడుకి ఆయన వేసే ముడి కూడా అలాంటిదే. ఎంత గాలొచ్చినా బిగుసుకునేదేగానీ వదిలేది కాదు. పని అయిపోయాక మాత్రం ఒక కొస పట్టుకుని లాగితే జారిపోయేది. ఆ ముడి నాకూ నేర్పాడు. "గాలి లాగితే రాకూడదు, మనం లాగితే రావాల. అంతే ఇందులో ఉన్న ఇద్దె" అనేవాడు.

పెళ్ళింట్లో సామాను దింపితే గోలగోలగా ఉండేవాడు. పెళ్ళికొడుకుని ఆటపట్టించేవాడు, వంటవాళ్ళతో పులుసులో ఉప్పు గురించి తగూ పెట్టుకునేవాడు, వెళ్ళేటప్పుడు "మళ్ళీ పిలవండి" అని అరిచేవాడు. చావింటికి వెళితే మాత్రం కుర్చీలు చప్పుడు కాకుండా ఒక్కొక్కటే దింపేవాడు. వేసేవాడు, తుడిచేవాడు, ఎవరికీ చెప్పకుండా వచ్చేసేవాడు. ఆ కుర్చీలు ఎప్పుడు తీసుకెళ్ళాలని అడిగించేవాడు కాదు. వాళ్ళంతట వాళ్ళు "ఇక తీసుకెళ్ళండి" అనేదాకా అవి అక్కడే ఉండేవి.

షట్టరు ఎత్తగానే ఎడమ చేతి పక్కన ఎనభై కుర్చీలు ఉండేవి. అన్నిటికన్నా గట్టివి. వాటిని తాడుతో కట్టి ఉంచేవాడు. మంచి ముహూర్తాల్లో షెడ్డంతా ఖాళీ అయిపోయినా అవి కదిలేవి కావు. అవి చావింటివి. ఒకసారి అనాసాగరం నుంచి ఒక పెళ్ళికూతురి బాబాయి వచ్చి బతిమాలాడు.

"అయిగో, ఎదురుగా కనపడతన్నాయిగా అన్నాయ్."

"ఉన్నాయి. ఖాళీ లేవు."

"ఎవరికి బుక్కయినయ్యి? నేను పోయి వాళ్ళతో మాట్లాడుకుంటా."

"ఎవరికో ఇంకా తెలవదయ్యా," అన్నాడు మావయ్య.

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీల వైపు చూడకుండా నాలుగడుగులు వెనక్కి వేశాడు. నేను గుండిగ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. మావయ్య నవ్వలేదు. ఆ సాయంత్రం "నవ్వకూడదమ్మా, అవి ఎవరివో వాళ్ళకి తెలవదు పాపం" అన్నాడు.

తర్వాత నేను విజయవాడలో ఎంబీయేలో చేరాను. ఒకచోట కుదురుగా ఉండని మనిషిని కదా, ఆ రెండేళ్ళలో హాస్టళ్ళు మూడు మార్చాను, ఒక ఇంటర్న్‌షిప్ సగంలో వదిలేశాను. వదలనిది ఒక్కటే, డిబేటు. రెండో ఏడాదిలో నందిగామలో నా పాత కాలేజీలోనే అంతర కళాశాలల పోటీ పెట్టారు. అంశం: "ఒక వ్యాపార నాయకుణ్ణి తన కాలంలో అందరికన్నా గొప్పవాణ్ణి చేసేది ఏమిటి?" కొందరు విలువలు అని వాదించాలి, కొందరు విస్తరణ అని. నాకు విస్తరణ వచ్చింది. రాకపోయినా అదే అడిగి తీసుకునేదాన్ని. అప్పట్లో నాకు పెద్దవన్నీ గొప్పవే.

పోటీకి వారం ముందు నందిగామ వెళ్ళి షెడ్డులో అదే గుండిగ మీద కూర్చున్నాను. మావయ్య షామియానాకి చిల్లు పడిన చోట మాసిక వేస్తున్నాడు.

"మావయ్యా, ఈ కాలంలో అందరికన్నా గొప్ప వ్యాపారి ఎవరంటావ్?"

పెద్ద కంపెనీల పేర్లు ఏవో చెబుతాడనుకున్నాను. ఆయన సూది ఆపి చాలాసేపు ఆలోచించాడు. ఎవరు ఏం అడిగినా అలా ఆలోచించడం ఆయన అలవాటు.

"బస్టాండు కాడ దోసెలాయన" అన్నాడు.

"ఛీ, సరిగ్గా చెప్పు."

"సరిగ్గానే చెప్తన్నా. ఆయన పిండి అయిపోతే పొయ్యి ఆర్పి, వచ్చినోళ్ళని తీసుకెళ్ళి పక్క బండోడి కాడ కూర్చోబెట్టొస్తాడు. పక్కోడు బాగుంటే నా కాడికొచ్చే జనం తగ్గుతారని భయం లేదు. అదెంత ధైర్యమో నీకు తెలుసా?"

"మావయ్యా, అది మంచితనం. నేనడిగేది లీడర్‌షిప్. ఒక మనిషి మొత్తం దేశం బతికే తీరునే మార్చెయ్యాలి. పది వేలమందికి పని చూపించాలి. నీ దోసెలాయన పోతే ఏమవుద్ది?"

"అదే కదా చూడాల్సింది" అన్నాడు మావయ్య. "ఎవడు గొప్పోడో ఉన్నప్పుడు తెలవదమ్మా. పోయిన తెల్లారి ఏం జరుగుద్దో చూడాల. పని ఆగిపోయిందనుకో, వాడు గట్టోడే. వాడు లేకపోయినా నడిచిందనుకో, వాడు ఇంకా గట్టోడు."

ఈ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. నా వాదనకి అడ్డం వచ్చే మాట కాబట్టి రాసుకోలేదు కూడా. అప్పుడే నా కళ్ళు షట్టరు పక్కనున్న ఎనభై కుర్చీల మీద పడ్డాయి. అవతలి పక్షం వాళ్ళు విలువలు, మంచితనం అంటారు కదా, వాళ్ళ నోరు మూయించడానికి నాకొక ఉదాహరణ దొరికింది. జగ్గయ్యపేట వెళ్ళే బస్సులో ఒక కార్డు మీద రాసుకున్నాను. అద్దం ముందు నిలబడి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చూసుకున్నాను. నోరుజారి అన్న మాట కాదది. కార్డు మీద రాసుకుని వెళ్ళి అన్న మాట.

పోటీ రోజున కాలేజీ మైదానంలో షామియానా, కుర్చీలు, మైకు అన్నీ మావయ్యవే. సామాను దింపి వెళ్ళిపోతాడనుకున్నాను. స్టేజీ ఎక్కాక చూస్తే యాంప్లిఫయరు పక్కన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. సామాను దింపేటప్పుడు ఆయన ఎప్పుడూ తెల్లచొక్కా వేసుకోడు. మేనకోడలు మాట్లాడుతుందని వేసుకొచ్చాడు.

నా దగ్గర ఐదు కార్డులు ఉన్నాయి. అది నాలుగోది. దాన్ని అడుగుకి తోసెయ్యడానికి నాకు టైముంది. మొదటి మూడు కార్డులు అయ్యేసరికి జనం నా వైపు తిరిగారు, చప్పట్లు మొదలయ్యాయి. నాలుగో కార్డు పైకి రాగానే మైకు కీచుమంది. మావయ్య వంగి ఏదో బటను తిప్పాడు. మైకు తేరుకుంది. నా వైపు చూసి, "కానీ, కానీ" అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను కానిచ్చాను.

ఆ కార్డులో ఉన్నది ఉన్నట్టు ఇదీ:

"మా ఊళ్ళో ఒక వ్యాపారి ఉన్నాడు. ఆయన దగ్గర ఎనభై కుర్చీలు ఏ పెళ్ళికీ ఇవ్వకుండా షట్టరు పక్కన నిద్రపోతుంటాయి. ఎవరో ఒకరు పోవాలి, అప్పుడే వాటికి మెలకువ. పాతికేళ్ళుగా ఆయన అలా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆయన షెడ్డు ఒక్క అడుగు కూడా పెరగలేదు. మంచివాడా? చాలా మంచివాడు. కానీ ఆ మంచితనం బద్ధకానికి తొడిగిన ఇస్త్రీ చొక్కా. ఇలాంటివాళ్ళు వీధికొకరు ఉన్నారు కాబట్టే మన ఊళ్ళు ఇలా ఉన్నాయి. నాయకుడంటే కాలాన్ని కదిలించేవాడు. కుర్చీలు కదపలేనివాడు కాదు."

పడీపడీ నవ్వారు. కుర్చీల్లో వెనక్కి వాలి నవ్వారు. ఆ కుర్చీలు ఎవరివో వాళ్ళకి తెలియదు. ముందు వరసలో లెక్చరర్లు కూడా నవ్వారు. నేను మావయ్య వైపు చూడలేదు. చూడలేదన్నది కూడా నిజం కాదు, కంటి చివర నుంచి చూశాను. ఆయన చప్పట్లు కొడుతున్నాడు. అందరూ ఆపాక కూడా ఒకట్రెండు కొట్టాడు.

మొదటి బహుమతి నాకే వచ్చింది. షీల్డు పట్టుకుని ఫోటోలు దిగుతుంటే, వెనకాల ఆయన కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను స్నేహితురాళ్ళతో అటునుంచి అటే బస్సెక్కి వెళ్ళిపోయాను.

ఇంటికెళ్ళి మావయ్య అత్తయ్యకి ఏం చెప్పాడో నాకు మూడోరోజు అమ్మ ద్వారా తెలిసింది. "స్టేజీ మీద నా గురించి చెప్పింది. మన కుర్చీల గురించి కూడా చెప్పింది. జనం ఆపకుండా చప్పట్లు కొట్టారు. మొదటి ప్రైజు" అన్నాడట. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆయన అబద్ధం ఆడడు. నిజాల్లోంచి కొన్నిటిని ఏరి, నన్ను కాపాడేంతవరకు చెప్పి ఆపాడు. అమ్మ ఫోన్లో మురిసిపోయింది. "ఇన్నాళ్ళకి నువ్వొక మంచిపని చేశావే" అంది. నేను "ఆ" అన్నాను. ఆ "ఆ"కి ఇవాళ్టికి రెండేళ్ళు.

నెల తర్వాత ధైర్యం చేసి షాపుకి వెళ్ళాను.

"మావయ్యా, ఆరోజు నేను..."

"ఆ మైకు కీచుమంది చూడు, వైరు లూజమ్మా. మార్చేశాలే" అన్నాడు. వెంటనే, "ఆ షీల్డు నీ హాస్టల్లో ఏం చేసుకుంటావ్, పోగొట్టేస్తావ్. ఇక్కడ పెడదాం తీసుకురా" అన్నాడు.

తీసుకొచ్చి ఇచ్చాను. తల మీద తువ్వాలు తీసి తుడిచి, ఫోను ఛార్జరు ఉండే బల్ల మీద నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు అడిగితే "మా ప్లీడరమ్మది" అనేవాడు. అది చూసినప్పుడల్లా నాకు వేరే వైపు చూడాలనిపించేది. అందుకే వెళ్ళడం తగ్గించాను. ఉద్యోగం వంక దొరికింది. ఆ ఉద్యోగం మానేశాక ఇంకో ఉద్యోగం వంక దొరికింది.

ఆ మధ్య ఒకసారి వెళ్ళినప్పుడు షట్టరు పక్కన ఎనభై లేవు. చూస్తే ఇరవై ఉంటాయేమో. నేను ఏమనుకున్నానో రాస్తాను. మొత్తానికి నా మాట విని మావయ్య బాగుపడ్డాడు అనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా. అడగలేదు.

ఆయన పోయినరోజు నేను విజయవాడ నుంచి వస్తుంటే, పరిటాల దాటాక మా బస్సు ముందు ఒక ట్రాలీ ఆటో వెళుతోంది. దాన్నిండా ఎర్ర కుర్చీలు. ఎక్కడో పెళ్ళి అనుకున్నాను. నందిగామలో దిగి సందు మలుపు తిరిగేసరికి ఆ ఎర్ర కుర్చీలు మావయ్య ఇంటి ముందు ఉన్నాయి. వాటి పక్కన నీలం కుర్చీలు, వాటి వెనక ఆకుపచ్చవి. ఒక్కో రంగు వెనక ఒక్కో షాపు పేరు. కంచికచర్ల, జగ్గయ్యపేట, మైలవరం. మావయ్య తెల్లకుర్చీలు ఒక్కటీ లేవు. ఆయన పడిపోయిన చోట షట్టరు సగం లేచి ఆగిపోయి ఉంది. ఆరోజు దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. నలుగురికీ కబురు చెప్పినవాళ్ళెవరూ కుర్చీలు అడగలేదు. అవే వచ్చాయి.

ఎర్ర కుర్చీలు తెచ్చినాయన, కంచికచర్ల సప్లయి కంపెనీ యజమాని, గుడ్డ పట్టుకుని చివరి వరస నుంచి తుడుచుకుంటూ వస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"నువ్వు మేనకోడలివి కదా? ప్లీడరమ్మవి?"

అవునన్నాను.

"ఇదంతా నీ చలవేనమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన గుడ్డ భుజాన వేసుకుని నిదానంగా చెప్పాడు. నా డిబేటు అయిన ఎండాకాలంలోనే, మావయ్య ఆ ఎనభై కుర్చీల తాడు విప్పి ముక్త్యాల వైపు ఒక పెళ్ళికి పంపాడట. పాతికేళ్ళలో మొదటిసారి. ఎందుకు పంపావని అడిగితే, "మా అమ్మాయి చదువుకున్న పిల్ల. అట్టా నిద్రపుచ్చటం తప్పని చెప్పింది. ఆలోచిస్తే నిజమేననిపించింది" అన్నాడట. సరిగ్గా ఆ రోజే మా సందు చివర మిషను కుట్టే ముసలమ్మ పోయింది. మండే ఎండ. వచ్చిన జనం గోడల నీడన నిలబడ్డారు. షెడ్డులో ఒక్క కుర్చీ లేదు.

"మీ మావయ్య ఇల్లిల్లూ తిరిగి కుర్చీ అడుక్కున్నాడమ్మా. చర్చిలో బల్లలు నెత్తిన పెట్టుకుని మోశాడు. నేను అటేపు పనుండి వచ్చి కళ్ళారా చూశా. పలకరిస్తే పలకలా."

వారం తర్వాత మావయ్య స్కూటరేసుకుని కంచికచర్ల వెళ్ళాడట. తర్వాత జగ్గయ్యపేట, ఆ తర్వాత మైలవరం. అందరూ పోటీవాళ్ళే. ఒకరి బేరం ఒకరు లాక్కునేవాళ్ళే. "ఒక్కడి కాడ ఎనభై నిద్రపోవటం తప్పే, మా అమ్మాయి చెప్పింది రైటే. నలుగురం తలా ఇరవై పక్కన పెడదాం. ఎవరి ఊళ్ళో కబురొస్తే అందరివీ అక్కడికి పోవాల. ఒకళ్ళు కుర్చీలు అడగటం, ఇంకోళ్ళు కుదరదనటం ఉండకూడదు" అన్నాడట. ముందు నవ్వారు. తర్వాత ఒప్పుకున్నారు.

"ఎంబీయే ఊరికే రాదమ్మా. మంచి ఐడియా ఇచ్చావ్" అని నా తల మీద చెయ్యి వేసి, ఆయన మళ్ళీ తుడవడానికి వంగాడు.

నేను ఆ ఎర్ర కుర్చీల మధ్య నిలబడ్డాను. కూర్చోలేదు. అప్పుడు ఏడుపు ఎందుకు రాలేదని అడుగుతున్నారు మా వాళ్ళు. ఏడిస్తే పక్కవాళ్ళు వచ్చి ఓదారుస్తారు. "నువ్వంటే ప్రాణం మీ మావయ్యకి" అంటారు. ఆ ఓదార్పు తీసుకునే ముఖం నాకు లేదు.

ఇది చదువుతున్న కాలేజీ పిల్లలకి ఒక మాట చెప్పాలి. ఈ వార్షిక సంచిక కోసం నన్ను అడిగింది మావయ్య గురించి రాయమని కాదు. రెండేళ్ళ కిందటి ఆ గెలిచిన ప్రసంగం పంపమన్నారు, కొత్తగా డిబేటు నేర్చుకునేవాళ్ళకి నమూనాగా ఉంటుందని. దాని బదులు ఇది పంపుతున్నాను. ఈ కాలంలో అందరికన్నా గొప్ప వ్యాపార నాయకుడు ఎవరంటే నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు. మా మావయ్యే అంటే, అది ఇంకో చప్పట్ల ప్రసంగం అవుతుంది. ఆయనే ఒప్పుకోడు, దోసెలాయన పేరు చెబుతాడు. నాకు తెలిసింది ఇంతే. నేను ఆయన్ని ఎగతాళి చేసిన మాటలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉందా అని ఆయన వెతికాడు. దొరికితే తీసుకున్నాడు, దాంతో దెబ్బతిన్నాడు, ఆ దెబ్బని బాగుచేసి, పేరు నాకిచ్చాడు. ఆ కుర్చీలు ఏమయ్యాయని ఆయన్ని అడగడానికి నాకు రెండేళ్ళలో ఒక్కరోజు తీరలేదు.

మొన్న మంగళవారం నందిగామ వెళ్ళాను. నెల రోజులు మూసి ఉన్న షాపుని ఆ ముందురోజే తెరిచి, ఇప్పుడు అత్తయ్యే చూస్తోంది. నేను వెళ్ళిన గంటకి బజారు వైపు నుంచి కబురొచ్చింది, ఎవరో పెద్దాయన పోయాడని. మావయ్య పోయాక మా షాపుకి వచ్చిన మొదటి చావు కబురు అది. అత్తయ్య ఫోను పెట్టేసి షట్టరు పక్కకి చూసింది. తర్వాత, "ఆ ఇరవై ఆటోలో వేయించమ్మా. మిగతావాళ్ళకి నేను చెప్తా" అంది.

షట్టరు పక్క ఇరవై తెల్లకుర్చీలు. వాటి చుట్టూ తాడు. ఆ ముడి మావయ్య వేసిందే. ఆయన చేత్తో వేసిన చివరి ముడి అయ్యుంటుంది. కొస పట్టుకుని లాగాను. ఒక్క లాగుకి జారిపోయింది.

ఆ ఇంటి ముందు కుర్చీలు చప్పుడు చేయకుండా దింపించాను. గుడ్డ తీసుకుని చివరి వరస నుంచి తుడిచాను. నేను సగంలో ఉండగానే ఎర్రవి వచ్చాయి, ఆ వెనకే నీలంవి. ఒక ముసలాయన కర్ర పక్కన పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. నేను ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను.

షాపుకి తిరిగొచ్చేసరికి అత్తయ్య షీల్డుని కొంగుతో తుడుస్తోంది. "దీన్ని ఆదివారం ఫోటో పక్కన పెడదామే" అంది. దాన్ని మళ్ళీ బల్ల మీద నిలబెట్టి, "నువ్వు మాట్లాడకపోతే పోనీలే. ఆరోజు ఆయన గురించి ఏమన్నావో ఒక్క ముక్క నాకు చెప్పు. ఎన్నిసార్లు అడిగినా మొత్తం చెప్పలేదు ఆయన. వినాలని ఉంది" అంది.

రేపు చెప్తానన్నాను. జగ్గయ్యపేట వచ్చి, మర్నాడు మధ్యాహ్నం కూర్చుని, ఆరోజు నేను అనాల్సిన మాటలు రాశాను. చివరి వరస తుడవడం, ముడి, ఇంకా తెలవదయ్యా అన్న జవాబు, అన్నీ వచ్చాయి. రెండు పేజీలు. చాలా బాగుంది. అది చదివితే అత్తయ్య కళ్ళు తుడుచుకుంటుంది, చుట్టాలు నా పొగరు గురించి మాట్లాడటం మానేస్తారు, అమ్మ మళ్ళీ మురిసిపోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అంత సులువుగా రాయగలిగినందుకు, నాలుగో కార్డు చదివినప్పటికన్నా ఎక్కువ సిగ్గేసింది. ఆ రెండు పేజీలు చింపేశాను.

కార్డు నా ఎంబీయే ఫైల్లో ఉంది. మూలలు కొంచెం వంగాయి, అక్షరాలు చెదరలేదు. నందిగామకి ఫోన్ చేసి, ఆదివారం నేను మాట్లాడతానని అత్తయ్యతో చెప్పాను. "పోనీలే, మనసు మార్చుకున్నావ్" అంది.

మీ చేతికి ఈ సంచిక వచ్చేసరికి ఆ ఆదివారం అయిపోయి ఉంటుంది. ఉదయం పదిన్నరకి, మావయ్య మైకులో, అత్తయ్య ఎదురుగా, ఆ కార్డు మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదువుతాను.